రెండో జడ నాది

మా అపార్టుమెంటులోకి ఎవరైనా కొత్తగా దిగితే ఆ పూటకి లిఫ్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ రోజు ఆకుకూరల బండి వచ్చిందని కిందికి వెళ్ళినదాన్ని, గోంగూర కట్టలు ఒళ్ళో పెట్టుకుని వాచ్‌మన్ కుర్చీలో కూలబడ్డాను. కూలీలు బీరువాని లిఫ్టులోకి ఒంచుతారు, అది పట్టదు, తలుపు మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. నా వయసు వాళ్ళకి అంతకంటే కాలక్షేపం ఏముంది? చూస్తూ కూర్చున్నాను. గోడకి ఆనించిన సామానులో పాత దుప్పటి చుట్టిన పటం ఒకటి ఉంది. దుప్పటి జారి సగం బయటికి కనిపిస్తోంది. తొమ్మిది పదేళ్ళ పిల్ల, జరీ అంచు పావడా, ఒళ్ళో చేతులు. పిల్ల వెనక నిలువుటద్దం. ఆ అద్దంలో పిల్ల వీపు, వీపు మీద నడుం దాకా పూలజడ. నా కళ్ళజోడు పైన ఇంట్లో ఉండిపోయింది. అయినా ఆ జడను గుర్తుపట్టడానికి నాకు కళ్ళజోడు అక్కర్లేదు. దాన్ని కుట్టింది మా అమ్మ.

"ఎవరంటయ్యా వచ్చేది?" అని వాచ్‌మన్‌ని అడిగాను. "సెసిలమ్మ గారంట మామ్మగారూ. గురజాల నుంచి వచ్చారంట. మీ కింద ఫ్లాటులో కూతురికాడ ఉంటారంట" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత చిన్ననాటి మనిషి మన కింది అంతస్తుకే వస్తే సంతోషించాలి. నాకు సంతోషం కలగలేదు. కడుపులో భగ్గుమంది. బీపీకి మాత్రలున్నాయి, మోకాళ్ళకి నూనె ఉంది, ఈ మంటకి మాత్రం డాక్టరు ఏమీ రాయడు. లిఫ్టు కోసం ఆగకుండా, ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ పైకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. "ఏమైందమ్మా?" అని మా అమ్మాయి కంగారుపడింది. "ఏం కాలేదు. గోంగూర ముదురుగా ఉంది" అన్నాను.

అసలు సంగతి చెప్తాను. మా అమ్మకు ఫోటో లేదు. మా రోజుల్లో ఫోటో అంటే పెళ్ళికి తీయించాలి, లేకపోతే పోయాక తీయించాలి. అమ్మ పెళ్ళికి తీయించలేదు, పోయినప్పుడు తీయించాలని ఎవరికీ తోచలేదు. నేను టీచరు ట్రైనింగులో ఉండగా జ్వరంతో పోయింది. నేను వచ్చేసరికి మట్టి కప్పేశారు. నాన్నగారికి బడి ఫోటోలు బోలెడున్నాయి, కుర్చీలో కూర్చుని, మెడలో దండ వేసుకుని. అమ్మ ఒక్కదాన్లోనూ లేదు. మా అమ్మ ముఖం ఈ లోకంలో ఒకే ఒక్కచోట మిగిలింది. ఆ సెసిలి ఫోటోలో, ఆ అద్దంలో, ఫోటో తీసేవాడి పొరపాటు వల్ల. అది నా దగ్గర లేదు. ఇన్నేళ్ళూ దాని దగ్గరే ఉంది. ఇప్పుడు చెప్పండి, భగ్గుమనదా?

అపార్టుమెంటు అన్న మాట అప్పట్లో నరసరావుపేటకు తెలియదు గాని, ఆ బతుకు తెలుసు. మేముండేది వాటాల లోగిలి. బజారులో కొట్టున్న ఒక సెట్టిగారు అద్దెలకిద్దామని కట్టించాడు. మూడు వైపులా పెంకుటి వరస, ముందు పొడుగునా నాపరాళ్ళ అరుగు, నడిమధ్య ఒకటే బావి. ఒక వాటాకీ ఇంకో వాటాకీ మధ్య గోడ ఉండేది గాని అది కప్పు దాకా లేచేది కాదు. ఒకింట్లో పోపు పెడితే పక్కింట్లో తుమ్మేవాళ్ళు. ఒకింట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే పక్కింట్లో తీర్పు చెప్పేవాళ్ళు. బావి నీళ్ళు ఉప్పన, అంట్లకీ స్నానాలకీ పనికొచ్చేవి. తాగే నీళ్ళు కావిడి మీద వచ్చేవి. యుద్ధం రోజులు కాబట్టి కిరసనాయిలు దొరికేది కాదు, అందరం వెలుగుండగానే తినేసి అరుగు మీదికి చేరేవాళ్ళం. పొద్దున పూట లోగిలంతా పిడకల పొగ, జొన్నన్నం ఉడుకుతున్న వాసన, నానబెట్టిన కుంకుడుకాయల వాసన. వాటిని తోసుకుంటూ ఒక వాటాలోంచి మాత్రం ఆసుపత్రి వాసన వచ్చేది. అది కాంపౌండరు బాలశౌరి గారి వాటా.

బాలశౌరి గారు మాచర్ల నుంచి బదిలీ మీద వచ్చాడు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, సెసిలి. నాకంటే కొన్ని నెలలు పెద్ద. వాళ్ళు కథోలికులు, మేము ప్రొటెస్టెంట్లం. నాన్నగారు బళ్ళో మేష్టరే కాక సంఘంలో పెద్ద కూడా. రెండు గుళ్ళకీ మధ్య రోడ్డు మాత్రమే అడ్డం, ఇళ్ళల్లో మాత్రం తేడాలు చాలా ఉండేవి. వాళ్ళ గోడ మీద మరియమ్మ పటం, దానికి పూలదండ. మా గోడ మీద క్యాలెండరు. వాళ్ళాడవాళ్ళు తల నిండా పూలు పెట్టుకునేవాళ్ళు. మా ఇంట్లో పువ్వన్నది గడప దాటి లోపలికి రాకూడదు. స్త్రీల అలంకారం మీద నాన్నగారికి వాక్యాలు కంఠతా వచ్చు. నూనె రాసి, నున్నగా దువ్వి, చివర పాత చీర పేలికతో ముడేసిన జడ, మాకు అంతవరకే అనుమతి.

వాళ్ళు దిగిన రెండో రోజో మూడో రోజో, పొద్దున్నే బాలశౌరి గారు అరుగు మీద కూర్చుని కూతురి జుట్టుతో కుస్తీ పడుతున్నాడు. గాయాలకి కట్లు కట్టే చేతులు, జడని కూడా కట్టులాగే చుట్టేస్తున్నాయి. సెసిలి కుయ్యోమొర్రోమంటోంది. మా అమ్మ బావి దగ్గర నీళ్ళు తోడుతూ చూసింది. చేద అక్కడే వదిలేసి వచ్చి, "అన్నయ్య గారూ, ఇటియ్యండి. దాన్నట్టా చంపబాకండి" అని దువ్వెన లాక్కుంది. సెసిలిని రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. అంతే. ఆ చోటు నాది. నేను పుట్టినప్పటినుంచీ నాది. అక్కడ ఇంకో తల ఉండగా చూడటం నాకదే మొదలు.

ఆ పిల్ల జుట్టు కూడా మామూలు జుట్టు కాదు. నల్లగా, బరువుగా, పిడికిట పట్టదు. నాది చిక్కులు పడే సన్న జుట్టు, ఎంత లాగి అల్లినా ఎలుక తోకంత వచ్చేది. అమ్మ ఆ జుట్టును వేళ్ళతో విప్పుతుంటే ఆమె ముఖంలో ఒక సంబరం కనిపించేది. నా తల దువ్వేటప్పుడు అది కనిపించేదో లేదో నాకేం తెలుసు, నా ముఖం అటువైపు ఉండేది కదా. ఆ సంబరానికి కారణం నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. అమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున అచ్చంపేట వైపు ఒక పల్లె. మల్లెతోటల్లో మొగ్గలు కోస్తూ పెరిగింది. చుట్టుపక్కల ఏ ఇంట్లో పిల్లకి పూలజడ కుట్టాలన్నా అమ్మ మేనత్తనీ, ఆమె వెనకే అమ్మనీ పిలిచేవాళ్ళట. నాన్నగారిని చేసుకున్నాక ఆ సూదీ దారం పెట్టె అడుక్కి పోయాయి. సొంత కూతురి తలలో ఒక్క పువ్వు తురమడానికి వీల్లేని మనిషికి, పక్కింటి పిల్ల తల దొరికింది.

ఇక రోజూ అదే వరస. బాలశౌరి గారు ఆసుపత్రికి పెందలాడే వెళ్ళాలి కాబట్టి సెసిలి జడ ముందు. నాది తర్వాత. దానికి కొబ్బరినూనె, వాళ్ళ ఇంటి నుంచి సీసాతో తెచ్చుకునేది. నాకు ఆముదం. దాని జడ అయ్యేసరికి పొయ్యి మీద ఎసరు కాగేది, నాన్నగారు కండువా కోసం అరిచేవారు, కావిడివాడు వచ్చేవాడు. నా జడ ఆ హడావుడిలో నడుస్తూ నడుస్తూ వేసేది. "ముందు నాకెయ్యమ్మా" అని ఒకసారి ఏడ్చాను. "తల్లిలేని పిల్లే. నీకేందే, నేనున్నాగా" అంది. తల్లి ఉన్నదాన్ని కాబట్టే రెండోదాన్నయ్యాను. ఈ లెక్క ఏ బళ్ళోనూ చెప్పరు.

మా పక్క వాటాలో రాహేలు పెద్దమ్మ ఉండేది. మొగుడు రైల్వేలో పని. ఆమె పని లోగిల్లో జరిగేవన్నీ చూడటం. వక్కలు కత్తిరిస్తూ, "ఏమే మార్తమ్మా, పొరుగింటి పుల్లకూర రుచంట. నీ కూతురు చూడు, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటంది" అని అందరికీ వినబడేట్టు అనేది. అమ్మ నవ్వేసేది. నాకు రాహేలు పెద్దమ్మ మీద అభిమానం ఆనాటిదే. లోగిలి మొత్తం మీద నా బాధ కనిపెట్టింది ఆమె ఒక్కతే. కాకపోతే ఆమె కనిపెట్టింది నన్ను ఓదార్చడానికి కాదు, వేడుక చూడటానికి.

నేనేం చేశానంటే ప్రార్థన చేశాను. మేష్టరు గారి కూతురికి అంతకంటే ఏమొచ్చు? సెసిలి తలకి పేలు పట్టించమని దేవుణ్ణి అడిగాను. మా ఇంట్లో ప్రార్థనలకి జవాబు ఆలస్యం కావచ్చు గాని తప్పదని నాన్నగారు చెప్పేవారు. ఆలస్యం కూడా కాలేదు. సెసిలి బళ్ళోంచి పేలు తెచ్చుకుంది. నా సంతోషం రెండు పూటలు నిలిచింది. ఇద్దరికీ దువ్వెన ఒకటేనన్న సంగతి నేనూ మర్చిపోయాను, దేవుడూ గుర్తు చెయ్యలేదు. ఆ వారమంతా ఇద్దరినీ అరుగు మీద ఒకరి వెనక ఒకర్ని కూర్చోబెట్టి, వేపనూనె పట్టించి, పేల దువ్వెనతో గీకింది అమ్మ. అప్పుడు కూడా ముందు దానికే.

ఇవన్నీ ఒక ఎత్తు. ఒకరోజు అమ్మ జడ చివర ముడేసి, "లే, అయింది" అని వీపు తట్టింది. సెసిలి లేస్తూ, "సరే అమ్మా" అంది. రోజూ పిన్నీ అని పిలిచే పిల్ల, ఏ ధ్యాసలో ఉందో అలా అనేసింది. అని నాలుక్కరుచుకుంది. నేను అమ్మ వైపు చూశాను, దిద్దుతుందని. అమ్మ దిద్దలేదు. "ఆ, పో, బడికి టైమయింది" అంది. నాకు ఆ 'ఆ' అన్న ముక్క ఈ రోజుకీ వినిపిస్తుంది. మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. ఎందుకు తినలేదో అడిగే తీరిక ఎవరికీ లేదు, కంట్రోలు బియ్యం వచ్చాయని అందరూ బజారుకి పోయారు.

ఎండాకాలం ముందు సెసిలికి పెద్ద జ్వరం చేసింది. బాలశౌరి గారు తన దగ్గరున్న మందులన్నీ వాడి, ఇక లాభం లేదని మరియమ్మకి మొక్కుకున్నాడు. పిల్ల దక్కితే తిరునాళ్ళకి తలనీలాలిస్తానని. వాళ్ళలో ఆ ఆచారం ఉంది. పిల్ల దక్కింది. అంటే జుట్టు పోవాలి. ఈ కబురు విన్నప్పుడు లోగిలంతా అయ్యో అనుకుంది, అంత జుట్టు అని. నేను మాత్రం బావి గట్టు చుట్టూ ఒంటికాలితో గెంతాను. జుట్టు లేకపోతే జడ లేదు. జడ లేకపోతే మోకాళ్ళ మధ్య చోటు మళ్ళీ నాదే.

అయితే గురజాలలో ఉన్న సెసిలి నాయనమ్మ కబురు పెట్టింది, గుండు చేయించే ముందు పిల్లకి పూలజడ వేసి ఫోటో తీయించి పంపమని. బాలశౌరి గారు మా గడప ముందు నిలబడి నాన్నగారిని అడిగాడు, "మీరు కాదనకపోతే మార్తమ్మ గారు కుడతారని ఆశ." నాన్నగారు పైకప్పు చూస్తూ, "ఎవరి ఆచారం వాళ్ళది. మా గడప లోపల మాత్రం వద్దు" అన్నారు. అమ్మ అప్పుడు పొయ్యి దగ్గర ఉంది. వెనక్కి తిరగలేదు గాని, ఊదుగొట్టంతో ఊదడం ఆపేసింది.

మర్నాడు తెల్లారకముందే అమ్మ గడప బయట అరుగు మీద కూర్చుంది. తడిగుడ్డలో మల్లెమొగ్గలు, పక్కన కనకాంబరాలు, మరువం, చీల్చిన అరటి దొప్ప. దొప్ప మీద మొగ్గలు ఒక్కొక్కటే ఆనించి సూదితో కుట్టుకుంటూ పోయింది. మిగతా వాటాల ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. రాహేలు పెద్దమ్మ కూడా వక్కలు కత్తిరించడం మానేసి, "ఇంత పనితనం పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎట్టా కూసున్నావే?" అంది. అమ్మ పళ్ళ మధ్య దారం ఉంది. నేను దగ్గరికెళ్ళి, "నాకొక్క మొగ్గ ఇయ్యమ్మా, పెట్టుకోను, చేత్తో పట్టుకుంటా" అన్నాను. అమ్మ గడప వైపు చూసింది. లోపల నాన్నగారు గడ్డం గీసుకుంటున్నారు. "వద్దులేమ్మా, నాన్న ఊరుకోరు" అంది. ఆ మల్లెల వాసన లోగిలంతా నిండింది. గడప లోపలికి కూడా వెళ్ళింది, దాన్నెవరూ ఆపలేకపోయారు.

జడ పూర్తయి, సెసిలి వీపు మీద కట్టేసరికి ఎండ ఎక్కింది. మొగ్గలు విచ్చుకోకముందే ఫోటో అయిపోవాలి, అందుకని ఉన్నపళాన స్టూడియోకి బయల్దేరాం. ఆ హడావుడిలో నా తల ఎవరికి గుర్తుంటుంది? బజారు మధ్యలో జుట్టు విరబోసుకుని నేను, నా ముందు పూలజడతో సెసిలి. కొట్ల ముందు కూర్చున్నవాళ్ళు దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి నవ్వారు. స్టూడియోలో సెసిలిని స్టూలు మీద కూర్చోబెట్టారు, జడ కనపడేట్టు వెనక అద్దం వంచి నిలబెట్టారు. స్టూడియో ఆయన నల్లగుడ్డలో దూరుతూ వస్తూ, అద్దం అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు తీసుకున్నాడు. అమ్మ నన్ను కిటికీ దగ్గరికి లాగి, "ఇట్టా రా, ఈలోపు నీదీ అయిపోద్ది" అని నా వెనక నిలబడి జడ మొదలుపెట్టింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ పూలజడని చూడకూడదని పంతం. చేతులు నా జుట్టులో ఉన్నా అమ్మ కళ్ళు అటే ఉన్నాయని నాకు తెలుసు. ఒక్క పాయ కూడా సరిగ్గా పడటం లేదనిపించింది. "ఎవరూ కదలొద్దు!" అని ఆయన అరిచాడు. అయిపోయింది.

ఫోటో వచ్చాక తెలిసింది, అద్దం వంచినప్పుడు కిటికీ దగ్గరున్న అమ్మ కూడా అందులో పడిందని. ఇంకోటి తీయమంటే స్టూడియో ఆయన ఒప్పుకోలేదట. యుద్ధం మూలాన ఫోటో తీసే గాజు ప్లేట్లు మద్రాసు నుంచి రావడం లేదు, ఉన్నదాంతో సర్దుకోమన్నాడట. బాలశౌరి గారు ఆ ఫోటోకే పటం కట్టించాడు. "నేను కూడా పడ్డానంటనే! వచ్చి చూడు" అని అమ్మ నవ్వుతూ నన్ను పిలిచింది. నేను చూడనన్నాను. దాని ఫోటోలో దాన్నే చూస్తూ నిలబడ్డ మా అమ్మని నేనెందుకు చూడాలి? వాళ్ళ వాటాలో అడుగు పెట్టలేదు.

తిరునాళ్ళ నుంచి సెసిలి నున్నటి గుండుతో తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున నేను అందరికంటే ముందు లేచి, ఆముదం గిన్నే దువ్వెనా పట్టుకుని అరుగు మీదికొచ్చాను. అమ్మ మోకాళ్ళ మధ్య సెసిలి కూర్చుని ఉంది. అమ్మ దాని గుండుకి గంధం రాస్తోంది, చల్లగా ఉంటుందని. జడ లేకపోయినా వరస మారలేదు. ఆ జుట్టు అంగుళమైనా పెరగకముందే బాలశౌరి గారికి గురజాల బదిలీ అయింది, వాళ్ళు బండెక్కి వెళ్ళిపోయారు. చోటు నాకు దక్కింది. కొన్నాళ్ళు అమ్మ నా జడ వేస్తూ మధ్యలో ఆగిపోయేది, చేతులు ఊరికే ఉండేవి. ఎందుకు ఆగిందో నేను అడగలేదు.

ఇదీ కథ. ఇప్పుడు ఆ సెసిలి మా కింద ఫ్లాటులో దిగింది. వారం తిరక్కుండా అపార్టుమెంటు అపార్టుమెంటంతా దానిదైపోయింది. మా రోజుల్లో కప్పు దాకా లేవని గోడల మీంచి మాటలు వచ్చేవి, ఇప్పుడు గోడలు కప్పు దాకా ఉన్నాయి, తలుపులకి రెండేసి తాళాలున్నాయి. ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. అలాంటిచోట సెసిలి మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చేపోయే ప్రతి పిల్లనీ ఆపి జడ సరిచేస్తోందట. "సెసిలమ్మ గారు చానా మంచోళ్ళు మామ్మగారూ" అని వాచ్‌మన్ కూడా నాతోనే అన్నాడు. నేనిక్కడ ఎన్నో ఏళ్ళ నుంచీ ఉన్నాను, నన్నెవరూ మంచిదాన్నని అనలేదు.

చివరికి మా అమ్మాయే పోరింది, వెళ్ళి పలకరించి రమ్మని. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని మరీ వెళ్ళాను, నా మనవరాలిని తోడు తీసుకుని. సెసిలి నన్ను చూస్తూనే, "రూతూ! నువ్వేనా? ఏందే ఇట్టా ఎండిపోయావు?" అంది. "నువ్వు నిగనిగలాడతన్నావులే పాపం" అన్నాను. ఇద్దరి తలల మీదా కలిపి ఒక జడకి సరిపడా జుట్టు లేదు. కాఫీ ఇచ్చింది. నేను కాఫీ చూడటం లేదు, గోడ చూస్తున్నాను. "నువ్వొచ్చింది నాకోసం కాదులే. పోయి చూడు" అంది.

చూశాను. అద్దంలో పూలజడ పక్కన, కొంచెం మసకగా, కిటికీ వెలుగులో మా అమ్మ. నేను మర్చిపోయిన ముఖం. నుదురు అంత పెద్దదని మర్చిపోయాను. ఆమె ముందు, అద్దం కింది అంచుకి తెగిపోయి, ఒక చిన్న పిల్ల తల, పైభాగం మాత్రమే. అది నేను. ఆ తల మీద అమ్మ చేతులు, కదులుతున్నందువల్ల పొగలాగా పడ్డాయి. అమ్మ సెసిలి వైపు చూడటం లేదు. తల దించుకుని నా పాపిడి చూస్తోంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు, అంత శ్రద్ధగా.

సెసిలి నా వెనక వచ్చి నిలబడింది. "మా అమ్మ మొహం నాకు తెలవదే. నాకు అమ్మంటే పిన్నే" అంది. "ఫోటో వచ్చిన రోజు, మార్తమ్మ గారు కూడా పడ్డారు చూడమ్మా అని మా నాన్న అంటే సంబరంగా లగెత్తుకొచ్చా. తీరా చూస్తే ఏందీ? నా పూలజడ, నా ఫోటో, నా మొక్కు. లోకమంతా నన్ను చూస్తా ఉంది. పిన్ని మాత్రం నన్ను చూడలా. నీ ఎలక తోక జడ చూస్తా ఉంది. ఎంత ఏడ్చానో! ఇన్నేళ్ళూ ఈ పటం గోడ మీద పెట్టుకుని రోజూ చూస్తన్నా, ఒక్కసారన్నా ఇటు తిరుగుద్దేమోనని. నువ్వంటే నాకు ఒళ్ళు మంట రూతూ. ఇప్పుడూ మంటే."

పెద్దదాన్ని, అలాంటి మాట విన్నప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని దాన్ని దగ్గరికి తీసుకోవాలి. తీసుకున్నాను కూడా. కాని అంతకుముందు నాకు కలిగింది పట్టరాని సంతోషం, అబద్ధమెందుకు. బావి గట్టు చుట్టూ గెంతిన నాటి సంతోషమే. మోకాళ్ళు బాగుంటే అక్కడే గెంతేదాన్ని.

నా మనవరాలు ఫోనుతో ఆ పటాన్ని ఫోటో తీసింది. మెట్లెక్కుతూనే, "ఆ అమ్మాయిని తీసేసి, మీ అమ్మను మాత్రం పెద్దగా చెయ్యనా అమ్మమ్మా?" అని అడిగింది. "చెయ్యి" అన్నాను, ఒక్క క్షణం ఆలోచించకుండా. చేసింది. సెసిలి పోయింది. దాంతోపాటు అమ్మ కూడా పోయింది. పెద్దది చేసేకొద్దీ ముఖం చుక్కలు చుక్కలుగా విడిపోయి, ఎవరో కూడా తెలియకుండా అయిపోయింది. మళ్ళీ చిన్నది చేసి, పూలజడ పక్కన ఎక్కడిదక్కడ పెడితేనే అమ్మ అమ్మలాగా ఉంది. ఇక చేసేదేముంది? మొత్తం ఫోటోకే పటం కట్టించి నా మంచానికి ఎదురుగా తగిలించాను. పొద్దున కళ్ళు తెరవగానే ముందు సెసిలి కనిపిస్తుంది, నడుం దాకా పూలు పెట్టుకుని, ఇల్లు తనదే అన్నట్టు. నాకు రోజూ ఒళ్ళు మండుతుంది. తర్వాత తడుముకుని కళ్ళజోడు పెట్టుకుంటాను. అప్పుడు, దాని వెనక అద్దంలో, తల దించుకుని అమ్మ నా జడ వేస్తూ ఉంటుంది. అది ఇంకా పూర్తి కాలేదు.